పాఠకుల ప్రశ్నలు: వేగం కోసం తీర్చిదిద్దే కారుకు ఎలాంటి టార్క్ కన్వర్టర్ కావాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆటోమేటిక్ గేర్‌బాక్సుల గురించే ఉన్నాయి. వాటిలో టార్క్ కన్వర్టర్‌కు, అంటే ఇంజిన్ శక్తిని నూనె ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగానికి, సంబంధించిన ఆరింటిని ఇక్కడ ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాను. మొదటి జవాబులో చెప్పిన మూలసూత్రం మిగిలిన వాటన్నింటికీ ఆధారం కనుక దానిని ముందుగా చదవవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.

ప్రశ్న: నేను మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. టార్క్ కన్వర్టర్ ఇంజిన్ టార్క్‌ను (తిప్పే బలాన్ని) రెట్టింపు చేయగలదని మాకు తరగతిలో చెప్పారు. పళ్ల చక్రాలేవీ లేకుండా కేవలం నూనెతో టార్క్ ఎలా పెరుగుతుంది? ఇది శక్తి నిత్యత్వ నియమానికి విరుద్ధం కాదా?
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: విరుద్ధం కాదమ్మా. పెరిగేది టార్క్ మాత్రమే, పవర్ (టార్క్‌ను తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేది) కాదు. కన్వర్టర్ లోపల మూడు రెక్కల చక్రాలు ఉంటాయి. ఇంజిన్‌తో కలిసి తిరిగే ఇంపెల్లర్ నూనెను బయటి అంచువైపు విసురుతుంది. ఆ నూనె టర్బైన్ రెక్కలను తాకి, గేర్‌బాక్సులోకి వెళ్లే షాఫ్టును తిప్పుతుంది. టర్బైన్ నుంచి బయటికి వచ్చే నూనె, కారు నిలిచి ఉన్నప్పుడు, ఇంపెల్లర్ తిరిగే దిశకు ఎదురుగా వస్తుంది. దానిని అలాగే వదిలేస్తే ఇంజిన్‌కే అడ్డుపడుతుంది. మధ్యలో ఉండే స్టేటర్ ఆ ప్రవాహాన్ని మళ్లించి, ఇంపెల్లర్‌కు అనుకూలమైన దిశలో తిరిగి అందిస్తుంది. ఇలా మళ్లించేటప్పుడు నూనె స్టేటర్‌ను వెనక్కి తోస్తుంది, స్టేటర్ కింద ఉన్న వన్‌వే క్లచ్ అది వెనక్కి తిరగకుండా గేర్‌బాక్సు కేసింగ్‌కు బిగించి పట్టుకుంటుంది. టర్బైన్‌కు అందే టార్క్ ఇంజిన్ ఇచ్చినదానికి స్టేటర్ ప్రతిచర్యను కలిపినంత ఉంటుంది. మీరు అడిగిన 'అదనపు' టార్క్ ఎక్కడి నుంచి వచ్చిందంటే, కదలకుండా నిలిచిన ఆ కేసింగ్ నుంచి వచ్చింది.

టర్బైన్ అసలు కదలనప్పుడు ఈ పెంపు అత్యధికంగా ఉంటుంది. మామూలు కార్లలో అది సుమారు 1.8 నుంచి 2.5 రెట్ల మధ్య ఉంటుంది. అయితే ఆ క్షణంలో టర్బైన్ వేగం సున్నా కాబట్టి బయటికి వచ్చే పవర్ కూడా సున్నాయే. ఇంజిన్ ఇచ్చినదంతా నూనెలో వేడిగా మారుతుంది. టర్బైన్ వేగం ఇంపెల్లర్ వేగంలో సగానికి చేరి, ఆ దశలో టార్క్ పెంపు 1.4 రెట్లు ఉందనుకుందాం. అప్పుడు దక్షత 0.5 × 1.4, అంటే 70 శాతం. టర్బైన్ వేగం 85 నుంచి 90 శాతానికి చేరేసరికి నూనె స్టేటర్ రెక్కలను వెనుకవైపు నుంచి తాకడం మొదలవుతుంది, వన్‌వే క్లచ్ వదిలేస్తుంది, స్టేటర్ కూడా మిగిలినవాటితో పాటు తిరుగుతుంది. అక్కడితో టార్క్ పెంపు ముగుస్తుంది.

ఈ సూత్రం మొదట కార్ల కోసం పుట్టలేదు. అప్పటి జర్మనీలోని స్టెట్టిన్ నగరంలో వుల్కాన్ నౌకానిర్మాణశాలలో పనిచేసిన హెర్మన్ ఫోటింగర్, ఆవిరి టర్బైన్ వేగాన్ని ఓడ ప్రొపెల్లర్‌కు తగినట్లు తగ్గించడానికి దీనిని రూపొందించి 1905లో పేటెంట్ పొందారు. అమెరికాలో 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్ కార్లలో వచ్చిన హైడ్రామాటిక్‌లో స్టేటర్ లేని ఫ్లూయిడ్ కప్లింగ్ మాత్రమే ఉండేది. అది టార్క్‌ను అందించేదే కానీ పెంచేది కాదు. 1948లో బ్యూక్ డైనాఫ్లోతో అసలైన టార్క్ కన్వర్టర్ సామాన్య కొనుగోలుదారుల కార్లలోకి వచ్చింది. 1949లో ప్యాకార్డ్ సంస్థ తన అల్ట్రామాటిక్‌లో, వేగం అందుకున్నాక ఇంపెల్లర్‌ను, టర్బైన్‌ను ఒకటిగా కలిపే లాకప్ క్లచ్‌ను చేర్చింది.

ఇక స్టాల్ స్పీడ్ అంటే, టర్బైన్‌ను కదలనివ్వకుండా పట్టుకొని యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కినప్పుడు ఇంజిన్ చేరుకోగల గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు).

ప్రశ్న: నేను టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. 1970ల నాటి షెవర్లే నోవా కొని, 350 (ఘనపుటంగుళాల) ఇంజిన్‌లో కొంచెం పెద్ద క్యామ్ (కవాటాలను తెరిచే షాఫ్టు) వేయించాను. గేర్‌బాక్సు మూడు గేర్ల ఆటోమేటిక్ టీహెచ్350, వెనుక ఇరుసు నిష్పత్తి 3.73, టైరు ఎత్తు 26 అంగుళాలు. 3000 స్టాల్ అని చెప్పిన కన్వర్టర్ కొంటే, బ్రేకు నొక్కి పరీక్షించినప్పుడు 2300 దాటడం లేదు. నన్ను మోసం చేశారా? స్నేహితులు 3500ది వేయమంటున్నారు, కానీ హైవే మీద 3500 దాటితే తప్ప కారు కదలదని మరొకరు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: మీ ఉత్తరంలోని వివరాలను బట్టి మోసం జరిగిందని నేను అనుకోవడం లేదు. పెట్టె మీద 3000 అని రాసినవారు, ఎంత టార్క్ ఇచ్చే ఇంజిన్ వెనుక 3000 అన్నది రాయకపోవడమే అసలు లోపం, అది ఈ వ్యాపారంలో విపరీతంగా కనిపించే లోపం. స్టాల్ స్పీడ్ అన్నది కన్వర్టర్‌కు మాత్రమే చెందిన గుణం కాదు. ఇంజిన్, కన్వర్టర్ జంటగా ఇచ్చే ఫలితం అది. ఒకే కన్వర్టర్‌ను బలహీనమైన ఇంజిన్ వెనుక పెడితే తక్కువ ఆర్‌పీఎం దగ్గర, బలమైన ఇంజిన్ వెనుక పెడితే ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర స్టాల్ అవుతుంది.

దీనికి ఒక సులభమైన లెక్క ఉంది. స్టాల్ స్పీడ్ ఇంజిన్ టార్క్ వర్గమూలానికి అనులోమంగా మారుతుంది. మీ కన్వర్టర్‌ను 450 పౌండ్-ఫీట్ టార్క్ ఇచ్చే ఇంజిన్‌ను దృష్టిలో పెట్టుకొని 3000 అన్నారనుకోండి. మీ ఇంజిన్ ఆ ప్రాంతంలో 330 ఇస్తుందనుకుంటే, నిష్పత్తి 0.733, దాని వర్గమూలం 0.856, కాబట్టి మీ కారులో స్టాల్ సుమారు 2570. మీరు చూసిన 2300 దీనికంటే కూడా తక్కువ ఎందుకు వచ్చిందంటే, బ్రేకు మీద నిలిపి చేసిన పరీక్షలో పూర్తి స్టాల్ రాకముందే వెనుక చక్రాలు బ్రేకులను జయించి తిరగడం మొదలుపెడతాయి, టర్బైన్ కదిలిన క్షణం నుంచి అది స్టాల్ పరీక్ష కాకుండా పోతుంది. మీ ప్రాంతంలోని డ్రాగ్ స్ట్రిప్‌లలో (తిన్నని దారిలో పరుగు పందేలు జరిగే చోట్ల) సభ్యులకే కాక బయటివారికి కూడా పరుగుకు అవకాశమిచ్చే సాయంత్రాలు ఉంటాయి. అక్కడికి వెళ్లి, బ్రేకు వదులుతూనే యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, టాకోమీటర్ ముల్లు ఒక్కసారిగా ఎంతవరకు ఎగిరిందో గమనించండి. మీ కారు విషయంలో నమ్మదగిన అంకె అదే. ఈ పరీక్ష రోడ్డు మీద చేయవద్దు.

ఇక 3500 విషయం. మీ ఇంజిన్ నిజంగా ఎక్కడ నుంచి బలం పుంజుకుంటుందో తెలియకుండా ఎవరూ మీకు సలహా ఇవ్వలేరు, స్నేహితులైనా సరే. ఆ క్యామ్‌తో వచ్చిన కాగితంలో అది పనిచేసే ఆర్‌పీఎం పరిధి ఉంటుంది. అది 2500 నుంచి 6000 వరకు అని ఉంటే, స్టాల్ ఆ కింది హద్దుకు కొంచెం పైన, 2800 నుంచి 3000 మధ్య రావాలి. కన్వర్టర్ అంతకంటే గట్టిగా పట్టుకుంటే, అంటే స్టాల్ అంతకంటే తక్కువైతే, పెద్ద క్యామ్ వల్ల కింది ఆర్‌పీఎంలో కోల్పోయిన టార్క్‌ను మీరు ప్రతి సిగ్నల్ దగ్గరా అనుభవిస్తారు. ఐడ్లింగ్‌లో గేరు వేసినప్పుడు ఇంజిన్ ఆగిపోబోయినట్లు వణకడం కూడా దాని ఫలితమే. అంతకంటే చాలా వదులుగా ఉంటే, ఇంజిన్ అరుస్తుంది కానీ కారు ముందుకు దూకదు. బరువు తక్కువై, ఇరుసు నిష్పత్తి పెద్దదైతే కన్వర్టర్ మీద భారం తగ్గి ముల్లు ఎగిరే ఎత్తు కూడా తగ్గుతుంది. అందుకే మంచి తయారీదారు కన్వర్టర్ రెక్కలు వంచే ముందు కారు బరువు, ఇరుసు నిష్పత్తి, టైరు ఎత్తు, క్యామ్ వివరాలు, కంప్రెషన్ నిష్పత్తి, కారు వాడే తీరు అన్నీ అడుగుతాడు. అడగకుండా అమ్మేవాడి దగ్గర కొనవద్దని నా గట్టి సలహా.

3500 దాటితే తప్ప కారు కదలదన్న మాట పూర్తిగా తప్పు. స్టాల్ స్పీడ్ పూర్తి యాక్సిలరేటర్ దగ్గర కొలిచినది. హైవే మీద నెమ్మదిగా సాగేటప్పుడు ఇంజిన్ మీద పడే టార్క్ గరిష్ఠంలో నాలుగో వంతు అనుకుంటే, వర్గమూలం లెక్క ప్రకారం స్టాల్ సగానికి పడిపోతుంది. మీ కారు గంటకు 65 మైళ్ల వేగంతో మూడో గేరులో వెళ్లేటప్పుడు ఇంజిన్ ఎంత తిరగాలో చూద్దాం: 65ను 3.73తోనూ, మైళ్లు, అంగుళాలు, నిమిషాల కొలతలను సర్దే 336 అనే స్థిరాంకంతోనూ గుణించి 26తో భాగిస్తే 3133 ఆర్‌పీఎం వస్తుంది. అది తేలికపాటి భారం దగ్గర ఉండే స్టాల్‌కు ఎంతో పైన ఉంది కాబట్టి జారుడు కొద్దిగానే ఉంటుంది. మీరు నిజంగా భయపడవలసింది ఆ 3133 గురించి. టీహెచ్350లో ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్‌ను నెమ్మదిగా తిరగనిచ్చే పై గేరు) గానీ లాకప్ గానీ లేనందున, పెట్రోలు ఖర్చు, శబ్దం, గేర్‌బాక్సు నూనె వేడి మూడూ మిమ్మల్ని ప్రతి ప్రయాణంలోనూ వెంటాడతాయి. నాలుగో గేరు నిష్పత్తి 0.70 ఉన్న 4ఎల్60ఈ లాంటి గేర్‌బాక్సులో అదే వేగానికి 2193 ఆర్‌పీఎం సరిపోతుంది, లాకప్ పడ్డాక జారుడే ఉండదు. మీరు కారును దూరప్రయాణాలకు కూడా వాడేటట్లయితే, కన్వర్టర్ మార్చడానికి పెట్టే డబ్బును దాచి అటువైపు ఖర్చుపెట్టడం మంచిది.

కన్వర్టర్ వ్యాసం గురించి ఒక మాట. అది తీసుకోగల టార్క్ వ్యాసం అయిదో ఘాతాన్ని బట్టి మారుతుంది. రెక్కల ఆకారం అదే ఉండి 12 అంగుళాలది 10 అంగుళాలకు తగ్గితే, తీసుకోగల టార్క్ 40 శాతానికి పడిపోయి, స్టాల్ 1.58 రెట్లు అవుతుంది. చిన్న కన్వర్టర్‌కు ఎక్కువ స్టాల్ ఎందుకుంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఏది వేసినా రేడియేటర్‌లో ఉన్న కూలర్‌తో సరిపెట్టుకోకుండా విడిగా ఒక ఆయిల్ కూలర్, పాన్‌లో ఒక ఉష్ణోగ్రత మీటరు తప్పక పెట్టించండి. టెక్సాస్ ఎండల్లో ఇది ఐచ్ఛికం కాదు. సాధారణ నడకలో 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు.

ప్రశ్న: మా స్కోడా స్లావియా 1.0 టీఎస్ఐ ఆటోమేటిక్‌కు ఇంజిన్ రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ అమరికలను మార్చడం) చేయించాలనుకుంటున్నాను. దానితో పాటు ఎక్కువ స్టాల్ ఉన్న టార్క్ కన్వర్టర్ కూడా వేయిస్తే పికప్ పెరుగుతుందా? 1.5 టీఎస్ఐ ఉన్న మా తమ్ముడికి కూడా ఇదే సలహా వర్తిస్తుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ తమ్ముడిగారి విషయం ముందు తేల్చుదాం. 1.5 టీఎస్ఐ ఆటోమేటిక్‌లో ఉన్నది రెండు క్లచ్‌ల డీఎస్‌జీ, అందులో టార్క్ కన్వర్టరే లేదు. మన దేశంలో చిన్న కార్లలో విరివిగా దొరికే ఏఎంటీలోనూ లేదు; అది మామూలు గేర్‌బాక్సుకు యంత్రంతో క్లచ్ నొక్కించే ఏర్పాటు. 'ఆటోమేటిక్' అన్న ఒక్క మాట కింద వేర్వేరు యంత్రాలు అమ్ముడవుతున్నాయి కనుక, దేని గురించి మాట్లాడుతున్నామో ముందు చూసుకోవాలి.

మీ 1.0 టీఎస్ఐ కారులో 6 గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ ఉంది. అయినా ఎక్కువ స్టాల్ కన్వర్టర్ మీకు అవసరం లేదు. నోవా లాంటి పాత కారులో పెద్ద క్యామ్ వల్ల బలం ఆలస్యంగా వస్తుంది, ఆ లోటును స్టాల్ పూడుస్తుంది. మీ టర్బో ఇంజిన్ 1750 ఆర్‌పీఎం దగ్గరే తన పూర్తి 178 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేస్తుంది. పూడ్చవలసిన లోటే లేదు. పైగా నేటి గేర్‌బాక్సు కంప్యూటర్ బయలుదేరిన కాసేపటికే లాకప్ వేసేస్తుంది. జారుడు ఎంత ఉండాలో, నూనె పీడనం ఎంత ఉండాలో అంతా ఆ ఒక్క కన్వర్టర్‌కు సరిపోయేలా కంప్యూటర్‌లో రాసి ఉంటుంది, దానిని మార్చకుండా లోపలి భాగం మారిస్తే గేర్లు కుదుపులతో పడతాయి.

మీరు ఆలోచించవలసింది మరొకటి ఉంది. రీమ్యాప్‌తో పెరిగిన టార్క్‌ను మోయవలసింది లాకప్ క్లచ్, గేర్‌బాక్సు లోపలి క్లచ్‌లు. రీమ్యాప్ చేసేవారిని పవర్ ఎంత పెరుగుతుందని కాక, ఏ ఆర్‌పీఎం దగ్గర ఎంత టార్క్ పెంచుతారు, గేర్‌బాక్సు దానికి తగినదేనా అని అడగండి. వారంటీ మీద పడే ప్రభావాన్ని కూడా రాతపూర్వకంగా తెలుసుకోండి.

టార్క్ కన్వర్టర్ అంటే మందకొడి కార్లకే అన్న అభిప్రాయం కొందరిలో ఉంటుంది, అది సరికాదు. బీఎండబ్ల్యూ సంస్థ ఎం5 కారులో అంతకుముందు తరంలో వాడిన రెండు క్లచ్‌ల గేర్‌బాక్సును వదిలి, 2017లో వెలువడిన ఎఫ్90 తరంలో 8 గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌ను తీసుకుంది. లాకప్ త్వరగా, మెత్తగా పడే స్థాయికి చేరాక, బయలుదేరేటప్పుడు నూనె ఇచ్చే సౌలభ్యాన్ని వదులుకోవలసిన అవసరం వారికి కనిపించలేదు.

ప్రశ్న: మా గ్యారేజీకి రెండు ఆటోమేటిక్ కార్లు వచ్చాయి. ఒకటి బయలుదేరేటప్పుడు ఏమాత్రం లాగదు, వేగం అందుకున్నాక బాగానే పోతుంది. రెండోది బయలుదేరడం బాగానే ఉంది, కానీ హైవే మీద 80 దాటడానికి ఇబ్బందిపడి నూనె వేడెక్కుతోంది. ఇంజిన్‌లు రెండూ బాగానే ఉన్నాయి. కన్వర్టర్‌లే కారణమా?
– ఒక మెకానిక్, రాజమహేంద్రవరం

జవాబు: చాలా శ్రద్ధగా గమనించి రాశారు. రెండు కార్లలోనూ అనుమానించవలసింది స్టేటర్ కింది వన్‌వే క్లచ్‌నే, కానీ అది చెడిన తీరు రెండింట్లో వేరు.

మొదటి కారులో ఆ క్లచ్ పట్టు పూర్తిగా పోయి స్టేటర్ రెండు దిశల్లోనూ తిరుగుతూ ఉండవచ్చు. అప్పుడు టార్క్ పెంపు ఉండదు, తిరిగి వచ్చే నూనె ఇంపెల్లర్‌కు అడ్డుపడుతుంది, కారు బరువుగా కదులుతుంది. వేగం అందుకున్నాక స్టేటర్ ఎలాగూ స్వేచ్ఛగా తిరగవలసిందే కాబట్టి తేడా తెలియదు. రెండో కారులో అదే క్లచ్ బిగుసుకుపోయి ఉండవచ్చు. బయలుదేరేటప్పుడు స్టేటర్ నిలబడే ఉండాలి కాబట్టి అక్కడ లోపం కనిపించదు. వేగం పెరిగాక తిరగవలసిన సమయంలో తిరగక నూనె దారికి అడ్డంగా నిలుస్తుంది.

స్టాల్ పరీక్ష మొదటి లోపాన్ని పట్టిస్తుంది, రెండోదాన్ని పట్టించదు. ఇది గుర్తుంచుకోవాలి. ఇంజిన్, నూనె వేడెక్కాక చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేకు, కాలిబ్రేకు రెండూ వేసి, ముందు ఎవరూ లేకుండా చూసుకొని, డ్రైవ్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. 5 సెకన్లకు మించి పట్టి ఉంచవద్దు. ఆ తర్వాత న్యూట్రల్‌లో ఒకటి రెండు నిమిషాలు ఇంజిన్‌ను ఐడ్లింగ్‌లో ఉంచి నూనెను చల్లారనివ్వాలి. తయారీదారు చెప్పినదానికంటే స్టాల్ బాగా తక్కువ వస్తే, ఇంజిన్ బాగున్నట్లయితే, స్టేటర్ జారుతోంది. బాగా ఎక్కువ వస్తే గేర్‌బాక్సు లోపలి క్లచ్‌లు జారుతున్నాయి, లేదా నూనె తక్కువగా ఉంది. స్టాల్ సరిగానే ఉండి, న్యూట్రల్‌లో కూడా ఇంజిన్ 3000 దాటి స్వేచ్ఛగా లేవకపోతే స్టేటర్ బిగుసుకుపోయిందని దాదాపు నిర్ధారించవచ్చు. కొత్త కార్లలో నిలిచి ఉన్నప్పుడు కంప్యూటరే ఆర్‌పీఎంను, టార్క్‌ను అదుపు చేస్తుంది, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

ఏ సందర్భంలోనైనా కన్వర్టర్ మార్చినప్పుడు కూలర్‌ను, దాని పైపులను శుభ్రంగా కడగండి. పాత కన్వర్టర్ రాల్చిన లోహపు పొడి అక్కడ దాక్కొని కొత్తదాన్ని కూడా తినేస్తుంది.

ప్రశ్న: నా దగ్గర జెడ్‌ఎఫ్ 6 గేర్ల ఆటోమేటిక్ ఉన్న ఫోర్డ్ ఫాల్కన్ ఎక్స్‌ఆర్6 టర్బో ఉంది. పెద్ద టర్బో వేశాక 3000 దాటితే కానీ బూస్ట్ (టర్బో తోసే గాలి పీడనం) రావడం లేదు. ఎంత స్టాల్ ఉన్నది తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, మెల్‌బోర్న్

జవాబు: టర్బో కారుకు ఒకే స్టాల్ స్పీడ్ ఉండదు. బూస్ట్ రాకముందు ఒకటి, వచ్చాక ఒకటి ఉంటాయి, టార్క్ వర్గమూలం లెక్కే ఇక్కడా పనిచేస్తుంది. బూస్ట్ లేకుండా 350 న్యూటన్ మీటర్ల దగ్గర 2300 వద్ద ఆగే కన్వర్టర్, బూస్ట్‌తో టార్క్ 700కు చేరేసరికి 3250 దాకా వెళుతుంది. కాబట్టి నేరుగా 3500ది తీసుకుంటే, పూర్తి బూస్ట్‌లో అది ఇంకా పైకి పోయి, పరుగు చివర కూడా జారుతూ పవర్‌ను వేడిగా మారుస్తుంది. బూస్ట్ లేని స్థితిలో టర్బోను మేల్కొల్పడానికి సరిపడా, బూస్ట్ వచ్చాక గట్టిగా పట్టుకునేలా ఉన్నదే మీకు కావలసింది. టార్క్ పెంపు నిష్పత్తి కూడా తక్కువగా ఉన్నదాన్నే ఎంచుకోండి. 700 న్యూటన్ మీటర్లను మళ్లీ రెట్టింపు చేస్తే వెనుక టైర్లు పొగ తప్ప మరేమీ ఇవ్వవు.

మీ గేర్‌బాక్సులో లాకప్ ఉంది, పూర్తి యాక్సిలరేటర్‌లో కూడా దానిని వాడుకోవాలనుకుంటే ఎక్కువ డిస్కులున్న లాకప్ క్లచ్, ఉబ్బని దృఢమైన ముందు కవరు ఉన్న కన్వర్టర్ చేయించుకోవాలి. అసలు క్లచ్ ఆ భారాన్ని ఎక్కువకాలం మోయలేదు. గేర్‌బాక్సు కంప్యూటర్‌ను కొత్త కన్వర్టర్‌కు అనుగుణంగా మార్చగలవారు దొరికాకే ఈ పని మొదలుపెట్టండి.

ప్రశ్న: కొత్త కన్వర్టర్ బిగించి ఇంజిన్ స్టార్ట్ చేయగానే గేర్‌బాక్సు ఆయిల్ పంపు పగిలిపోయింది. కన్వర్టర్‌లో లోపమా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: చాలా సందర్భాల్లో ఇది కన్వర్టర్ లోపలిదాకా కూర్చోకపోవడం వల్ల జరుగుతుంది. కన్వర్టర్ మూడు చోట్ల ఇమడాలి: టర్బైన్ షాఫ్టు పళ్లపై ఒకసారి, స్టేటర్ ఆధారంపై ఒకసారి, చివరగా ఆయిల్ పంపు గేరులో. దానిని మెల్లగా తిప్పుతూ తోస్తే ప్రతిసారీ లోపలికి దిగినట్లు చేతికి తెలుస్తుంది. చివరిది పడకుండానే గేర్‌బాక్సును ఇంజిన్‌కు ఆనించి బోల్టులతో లాగితే, ఆ ఒత్తిడంతా పంపు మీద పడుతుంది. గేర్‌బాక్సును బిగించాక, ఫ్లెక్స్ ప్లేటుకు (కన్వర్టర్‌ను ఇంజిన్‌తో కలిపే పలుచని పళ్లేనికి) బోల్టులు వేయకముందు, కన్వర్టర్‌కూ ఆ ప్లేటుకూ మధ్య ఎడం కొలవాలి. సాధారణంగా 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉండాలి, కచ్చితమైన అంకె మీ గేర్‌బాక్సు పుస్తకంలో ఉంటుంది. ఎడం అసలు లేకపోతే బోల్టులు బిగించవద్దు, గేర్‌బాక్సును వెనక్కి తీసి మళ్లీ కూర్చోబెట్టాలి. బిగించే ముందు కన్వర్టర్‌లో సుమారు ఒక లీటరు నూనె పోయించారో లేదో కూడా మీ మెకానిక్‌ను అడగండి. ఈసారి కొత్త పంపుతో పాటు కన్వర్టర్ మెడ గీతలు పడిందేమో చూడాలి. గీతలు ఉంటే దానిని మళ్లీ వాడవద్దు, కొత్త సీలు కూడా కొద్దిరోజులకే కారిపోతుంది.